పన్నెండో తారీఖు సంతకం

కాశమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు చాటలో పెసలు పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

మల్లీశ్వరి గడప దగ్గరే నిలబడిపోయింది. బట్టలు ఉతుకుతూ లేచి వచ్చిన మనిషి, చేతుల మీద సబ్బు నురగ ఆరి చర్మం బిగుసుకుపోతున్నా కడుక్కోవాలని తోచలేదు.

"అత్తమ్మా, నేను గా గోలి మొఖం గూడ సూడలే."

కాశమ్మ తల ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఎనిమిదేళ్ల కాపురంలో అత్త నోటికి మల్లీశ్వరి ఏనాడూ బెదరలేదు. ఆ నోరు మూతపడితేనే ఆమెకు భయం వేసింది.

గంట కిందట ఈ ఇల్లు మామూలుగానే ఉంది. మామ మొగులప్ప మనూర్ దారిలోని చెలక చేనుకు పోవడానికి తువ్వాల దులుపుకుంటున్నాడు. తన పిల్ల రెండు జడలు వేయించుకుని బడికి పోయింది. ఆడబిడ్డ అంకిత తలనొప్పి అని కాలేజీ మానుకుని లోపల పడుకుంది. అప్పుడే ఆశా కార్యకర్త నీలమ్మ సంచీ భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది.

నీలమ్మ చెడ్డ మనిషి కాదు. పోలియో చుక్కలకు వీధి వీధినా పిల్లలను పిలిచి పిలిచి ఆమె గొంతు మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది, అంతే. ఆమె చెవిలో చెప్పినా చాటింపే. పైగా కాశమ్మ చెలకలో ఉందనుకుంది. మోకాళ్ల నొప్పితో తలుపు వెనక కూర్చున్న సంగతి ఆమెకేం తెలుసు?

"మల్లీశ్వరీ, కడుపు రాకుండ గా డెబ్బయి రెండు గంటల గోలి ఏసుకుంటివి గదా, మల్ల నెల వచ్చిందా? మూడు వారాలు దాటింది. రాకుంటే దవాఖానకు పోవాలె, ఆలస్యం చెయ్యొద్దు."

ఏ గోలి అని మల్లీశ్వరి అడిగింది. నీలమ్మ సంచీలోంచి కాగితం తీసింది. కుటుంబ నియంత్రణ కేంద్రంలో నింపిన కాగితానికి జిరాక్సు అది. తన వాడకట్టు పేర్లు తనకిచ్చారని, ఇల్లిల్లూ అడిగి రాసుకోవాలని ఏదో చెబుతూనే ఉంది. తలుపు వెనక నుంచి కాశమ్మ చెయ్యి వచ్చి కాగితం లాక్కుంది. నీలమ్మ ముఖం పాలిపోయింది. తిరిగి ఇమ్మని రెండుసార్లు బతిమాలింది. తప్పయింది కాశమ్మక్కా, గిది ఆడోళ్ల లోపటి మాట అని గొణుక్కుంటూ, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయింది.

కాశమ్మకు చదువు రాదు. మొగులప్పకు వచ్చు, బస్సు బోర్డు చదివేటంత. ఆయన కాగితాన్ని ఎండకేసి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. పేరు మల్లీశ్వరి, సంతకం కూడా అదే. భర్త పేరు వీరేశ్. తారీఖు పన్నెండు. ఆ తర్వాత ఉన్న పొడుగాటి మాట దగ్గర ఆగి, అత్యవసర, గర్భ, అని రెండు ముక్కలు చదివి ఊరుకున్నాడు. మిగతాది చదవాల్సిన పని లేకపోయింది.

వీరేశ్ పటాన్‌చెరులో సెంట్రింగ్ పని చేస్తాడు. పన్నెండో తారీఖున అతను ఈ ఊళ్లో లేడు. రాఖీకి వచ్చాడు, అది పంతొమ్మిది. ఒక్క రోజు ఉండి పోయాడు. ఈ లెక్క చెయ్యడానికి కాశమ్మకు చదువు అక్కర్లేదు.

మొగులప్ప బయటికి పోయి కొడుక్కు ఫోను చేశాడు. ఉన్నపళంగా బస్సెక్కమన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేక ఫోను భార్య చేతికిచ్చాడు. కాశమ్మ చెప్పింది. రెండే మాటల్లో చెప్పింది. అతను వస్తున్న అని ఫోను పెట్టేశాడు.

"పన్నెండో తారీఖు నువ్వు యాడున్నవే?" కాశమ్మ ఇప్పుడు అడిగింది, పెసల మీద చూపు తియ్యకుండానే.

"కంగ్టికి పోయిన గదా అత్తమ్మా. మా అమ్మకు జరమొస్తే పోయిన. నీకు చెప్పే పోయిన."

"చెప్పి పోయినవ్. కంగ్టికి పోయినవో, యాడికి పోయినవో."

మా అమ్మను అడుగు అనబోయి మల్లీశ్వరి ఆగిపోయింది. కన్నతల్లి సాక్ష్యం ఎవరు నమ్ముతారు? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆమె పని. ఎటు కొట్టుకున్నా అదే కుండ.

"నువ్వు పోతే పో," అంది కాశమ్మ. "పిల్లను మాత్రం గీడ ఇడిచి పో."

ఆ మాటకు మల్లీశ్వరి గోడ పట్టుకుంది. పొద్దున జడలు వేస్తుంటే పిల్ల, అమ్మా గట్టిగ గుంజకు అని ఏడ్చింది. సాయంత్రం ఆ జడలు ఎవరు విప్పుతారు? ఈ ఇల్లు పోయినా, మొగుడు కాదన్నా, కూలి చేసుకుని బతకొచ్చు. పిల్ల లేకుండా ఎట్లా?

"గా కాగితం నాకొక్కపారి సూపియ్యి అత్తమ్మా. నేను పెట్టని సంతకం గాడెట్లుంటది?"

కాశమ్మ బొడ్లోంచి తీసి పెసల చాట మీదుగా విసిరింది. "సూడు. కండ్ల నిండ సూసుకో."

మల్లీశ్వరి కాగితం విప్పింది. తన పేరు వెతుక్కుంది. దొరికింది.

చూసిన మరుక్షణం ఆమెకు తెలిసిపోయింది.

ఎట్లా తెలిసిందంటే, అది చిన్న సంగతి. మల్లీశ్వరి చిన్నప్పుడు బడికి పోలేదు. నిరుడు పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయాల్సి వస్తే సిగ్గుపడి ఇంటికొచ్చి ఏడ్చింది. అప్పుడు అంకిత పలక పట్టుకుని కూర్చుంది. నెల రోజులు పట్టింది పేరు రాయడం రావడానికి. ల కింద ల వత్తు పెట్టడం వచ్చింది గాని, శ కింద వ వత్తు మాత్రం ఎంత చెప్పినా రాలేదు. నోటితో మల్లీశరి అంటుంది, చేత్తో మల్లీశరి అనే రాస్తుంది. చెప్పి చెప్పి అంకిత విసిగిపోయింది. పో వదినా, నీ పేరు నీ ఇష్టం అని పలక పక్కన పెట్టింది. అప్పటి నుంచి ఎక్కడ సంతకం పెట్టినా వత్తు లేకుండానే.

ఈ కాగితంలో శ కింద వత్తు ఉంది. గుండ్రంగా, ముద్దుగా, పలక మీద నెల రోజులు తను చూసి దిద్దిన వత్తే.

"నీది గాకుంటే ఎవల్దే మరి?"

మల్లీశ్వరి కాగితం మడిచి అత్తకే ఇచ్చేసింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

*

వెనకవైపు నల్లా దగ్గర నానేసిన బట్టలు అట్లాగే ఉన్నాయి. మల్లీశ్వరి అక్కడికి పోయి అంకితను పిలిచింది. అంకిత వచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఉంది పిల్ల, అరవలేదు, ఆగలేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఇంట్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది. ఇవాళ నేల చూపులు చూస్తోంది.

"నాకు పేరు రాసుడు నేర్పినవ్," అంది మల్లీశ్వరి. "నేర్పి, గా పేరు నువ్వే తీస్కపోయినవ్."

అంకిత నల్లా తిప్పింది. నీళ్ల చప్పుడులో చెప్పసాగింది. అంతా చెప్పింది.

ఆ మనిషి పేరు దుర్గేశ్, సిర్గాపూర్ పిల్లగాడు. బలవంతం ఏం లేదంది, ఇద్దరికీ ఇష్టమే అంది. శుక్రవారం మధ్యాహ్నం కలిశారు. ఆ సాయంత్రం నుంచే భయం పట్టుకుంది. మూడు దినాల లోపల గోలి వేసుకోవాలని, ఎంత జల్దీ వేసుకుంటే అంత మంచిదని తెలుసు. మందుల దుకాణం బసవరాజ్ నాయినకు దోస్తు. తలనొప్పి గోలి అడిగినా ఎవలకు బిడ్డా అంటాడు. అందుకని తెల్లారి కేంద్రానికే పోయింది. అక్కడ కూర్చున్న ఆమె కసురుకోలేదు, చెడుగా చూడలేదు, అసలు తలే ఎత్తలేదట. పెన్ను గళ్లల మీద పెట్టి, భర్త పేరు చెప్పు అంది. మా అక్క కోసం వచ్చిన అంది. అయితే మీ అక్కనే రమ్మను అందామె.

తిరిగి వచ్చేసింది. మరునాడు ఐతారం, బంద్. సోమవారం, పన్నెండో తారీఖున, వదిన కంగ్టి పోయింది.

"నీ ఆకుపచ్చ చీర కట్టుకున్న వదినా. మెడల పసుపుతాడు ఏసుకున్న. నీ పేరు చెప్పిన."

మల్లీశ్వరికి గుర్తొచ్చింది. కంగ్టి నుంచి వచ్చాక పెట్టెలో ఆకుపచ్చ చీర మడత వేరుగా ఉంది. పిల్ల ఆడుకుందేమోలే అనుకుంది.

"కాగితం నా ముందట పెట్టి, నువ్వే రాయమ్మా అన్నది. భర్త పేరు కాడ..." అంకిత ఆగింది. నీళ్లు బకెట్టు నిండి పొర్లిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కట్టెయ్యలేదు. "నీ పేరు చెప్పినంక ఇంకెవల పేరు రాయాలె? అన్న పేరు రాస్తుంటే చెయ్యి రాలే వదినా. వారం తిరగంగనే గదే చెయ్యితోని రాఖీ కట్టిన. మొఖం సూడలేకపోయిన."

మల్లీశ్వరి నివ్వెరపోయింది. చెల్లెలు అన్న పేరును ఆ గడిలో రాయడం. చెంప పగలగొట్టాలని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి నల్లా కట్టేసింది.

కోపం రాలేదని కాదు. ఒళ్లంతా మండింది. నీ భయానికి నా కాపురం దొరికిందా, పిల్లను ఇడిచి పొమ్మంటుంది మీ అమ్మ, ఇన్నవా, అని పళ్ల మధ్య నుంచి అడిగింది. అంకిత విన్నానంది. గోడ అవతల నుంచి అంతా విన్నానంది. విని కూడా మంచం దిగలేదు. ఆ సంగతే మల్లీశ్వరిని ఎక్కువ నొప్పించింది.

"మీ అన్న బస్సెక్కిండంట. అచ్చేదాంక నీకు టైమున్నది. నువ్వు చెప్పుకో. నేను చెప్ప."

"నాయిన సంపుతడు వదినా."

"నన్ను సంపుతుండ్రు గదా ఇప్పుడు."

అంకిత చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. వంటింటి తలుపు పక్కన నిలబడింది, ఇక అక్కడి నుంచి కదల్లేదు.

*

వీరేశ్ వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చొక్కా మీద సిమెంటు మరకలు అట్లాగే ఉన్నాయి. పని మధ్యలోంచే దిగి వచ్చాడు. నీళ్లు ఇస్తే తాగలేదు. చెంబు పక్కన పెట్టి పెళ్లాం ముఖంలోకి చూశాడు.

"పోయినవా?"

"పోలే."

"మరి గిదేంది?"

"నాది గాదు. గంతే నాకు తెలుసు."

కాశమ్మ అందుకుంది. నిప్పు లేనిదే పొగ ఎట్లా వస్తుందంది. రోడ్డు మీద పోయేవాళ్లకు తన కోడలి పేరే దొరికిందా అంది. మొగులప్ప ఇరుగుపొరుగు వింటారని తలుపు చేరవేశాడు. వీరేశ్ ఎవరి మాటా వినడం లేదు. పెళ్లాం కాదంటోంది, కాగితం అవునంటోంది. బస్సులో మూడు గంటలు ఇదే నలుగుతూ వచ్చిందని అతని కళ్లు చూస్తేనే తెలుస్తోంది. ఆ కళ్లలో కోపం కంటే ఏడుపే దగ్గరగా ఉంది.

"నీది గాకుంటే ఎవల్దో చెప్పు," అన్నాడు.

మల్లీశ్వరి వంటింటి వైపు చూడలేదు. చూస్తే చెప్పినట్టేనని తెలుసు. ఆ మౌనం ఆమెకే చుట్టుకుంటోంది.

మొగులప్పే దారి చూపాడు. రాయమను, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అదే తెలుస్తది అన్నాడు. వీరేశ్ జేబులోంచి పెన్ను తీశాడు. పిల్ల పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి పీట మీద పెట్టాడు.

"రాయి."

మల్లీశ్వరి పీట ముందు కూర్చుంది. పెన్ను పట్టుకుంది. మ రాసింది. ల కింద ల వత్తు పెట్టి, గుడి దీర్ఘం ఇచ్చింది. శ రాసింది. అక్కడ చెయ్యి ఆగింది.

ఒక్క వత్తు. అది పెడితే అంతా తన మీదికి వస్తుంది, అంకిత తప్పించుకుంటుంది. కాగితంలోని అక్షరం ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఎన్నడూ రానిది ఇవాళ రాయమంటే వచ్చేటట్టే ఉంది. తలుపు పక్కనే అంకిత నిలబడి ఉంది. చిన్నపిల్ల. పలక పట్టుకుని నెల రోజులు ఓపిగ్గా కూర్చున్న పిల్ల.

జడలు విప్పేదెవరు అన్న మాట మళ్లీ గుర్తుకొచ్చింది.

మల్లీశ్వరి వత్తు పెట్టలేదు. రి రాసి పెన్ను కింద పెట్టింది. తనకు వచ్చిన పేరే రాసుకుంది, అబద్ధం ఒక్క గీతైనా గియ్యలేదు.

వీరేశ్ నోటుబుక్కు చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ నోటుబుక్కు చూశాడు. ఉన్నట్టుండి నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా, గిది మల్లీశరిది గాదు. శకు వత్తు లేదు. దీనికి ఎన్నడు రాలే గా వత్తు."

కావాలని ఇడిసిపెట్టిందేమో అన్నాడు మొగులప్ప. వీరేశ్ లేచి అలమారలోంచి పిల్ల నిరుటి ప్రోగ్రెస్ కార్డు తెచ్చి తండ్రి ముందు పరిచాడు. మొదటి పరీక్షకు వేలిముద్ర, తర్వాత మూడు సంతకాలు. మూడింటిలోనూ వత్తు లేదు. మొగులప్ప వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నాడు. తువ్వాల తీసి మెడ తుడుచుకున్నాడు.

"గట్లయితే గీ కాగితం ఎవలు రాసిర్రు?"

వీరేశ్ ఇంకా కోడి పిల్లను దొరకబుచ్చుకున్నవాడిలా ఆ నోటుబుక్కును రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. అతనికి ఆ ప్రశ్న ఇంకా చేరలేదు.

చేరింది కాశమ్మకు.

చదువు రాని కాశమ్మకు ఈ ఇంట్లో తెలిసిన అక్షరం ఒక్కటే. నిరుడు నెల రోజులు ప్రతి సాయంత్రం వాకిట్లో కూర్చుని ఆమె పప్పు ఏరుకుంటుంటే, బిడ్డ గొంతు చెవుల్లో పడుతూనే ఉండేది. శకు వత్తు వదినా, శకు వత్తు, ఎన్నిసార్లు చెప్పాలె. ఆ వత్తు పెట్టడం ఈ ఇంట్లో ఎవరికి వచ్చో ఆమెకు ఎవరూ చదివి చెప్పాల్సిన పని లేదు.

కాశమ్మ చేతిలో చాట వంగింది. ఏరి పెట్టిన పెసలు నేల మీద జలజలా రాలాయి. ఆమె వాటిని తొక్కుకుంటూనే లేచింది. మోకాళ్లు పట్టుకుని వంటింటి తలుపు వైపు నడిచింది. కోడలి పక్క నుంచి పోతూ ఆగింది. మల్లీశ్వరి భుజం మీద చెయ్యి ఒక్క క్షణం ఉంచి తీసేసింది.

అంకిత కళ్లు మూసుకుంది. దెబ్బ పడుతుందనుకుంది. మల్లీశ్వరి కూడా అదే అనుకుని పీట మీద నుంచి లేచి, ఇద్దరి మధ్యకు పోవడానికి రెండడుగులు వేసింది.

కాశమ్మ కొట్టలేదు. బిడ్డ గదవ పట్టుకుని ముఖం పైకెత్తింది. పొద్దున నీలమ్మ అడిగిన మాట ఒకటుంది. పొద్దుటి నుంచి అందరూ పేరు కోసమే కొట్లాడారు గాని, ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు కాశమ్మ అదే మాట, మొగవాళ్లకు వినపడనంత మెల్లగా అడిగింది.

"నెల వచ్చిందా బిడ్డా?"

అంకిత కళ్లు తెరిచి ముందు వదినను చూసింది, తర్వాత తల్లిని చూసింది. రాలేదని తల అడ్డంగా ఊపింది.